బిగబట్టమన్న గొంతు

కేరళలోని వేంబనాడు సరస్సులో మునిగి గుల్లలు ఏరే కురియాక్కోస్‌కి ఊపిరి బిగబట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. అందుకే ఆపరేషన్ బల్ల మీద కూడా నవ్వుతూనే ఉన్నాడు.

గుండె నుంచి వీపు వెంట దిగే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. ఛాతీ కోయకుండా తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, తీగ మీదుగా గుడ్డ తొడిగిన లోహపు గొట్టాన్ని ఆ ఉబ్బులోకి పంపుతున్నారు. మత్తు నడుం కిందకే.

"కురియాక్కోస్ అచ్చాయా, నేను చెప్పగానే ఊపిరి బిగబట్టాలి. కదిలితే గొట్టం జారుతుంది," అన్నాడు డాక్టర్ మేనోన్.

"నీళ్ళ అడుగున ఉన్నాననుకుంటా సార్."

"పైకి రావడం మర్చిపోకండి మరి!" నర్సు బిన్సీ నవ్వింది.

బయట మధ్యాహ్నపు వాన. లోపల స్పిరిట్ వాసన, యంత్రం రొద. ఎడమ చెవిలో ఆడగొంతు మెల్లగా అంది...

"బిగబట్టు."

బిగబట్టాడు.

"నేనింకా చెప్పలేదు కదా! వదలండి," అన్నాడు డాక్టర్.

గొట్టం సరిగ్గా కూర్చుంది. వార్డుకి తెచ్చారు. భార్య ఏలియమ్మ గంజి తాగిస్తుంటే సరస్సు అడుగు బురద వాసన గుప్పుమంది.

"బిగబట్టు."

వద్దనుకున్నా ఛాతీ బిగుసుకుపోయింది. కళ్ళకి చీకట్లు కమ్మాయి. ఏలియమ్మ చెంపలు వాయిస్తే గానీ ఊపిరి ఆడలేదు.

"బిన్సీ, ఆపరేషన్ గదిలో నా ఎడమ పక్కన నిలబడిన ఆవిడెవరమ్మా?" నాడి చూడ్డానికి వచ్చిన నర్సుని అడిగాడు.

"అటు యంత్రం ఉంది అచ్చాయా. మనిషి దూరే సందు లేదు."

అతను ఏలియమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను నిద్రపోనివ్వకు. నిద్రలో చెప్పిందంటే..."

"నోర్ముయ్యి. నేనున్నా కదా," అంటూ ఆమె అతని ముక్కు కింద అరచెయ్యి పెట్టి కూర్చుంది. అతను తల ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. ప్రతి శ్వాసనీ కావాలని లాగాడు.

మళ్ళీ బురద వాసన.

"బిగబట్టండి."

ఈసారి అతని ఊపిరి ఆగలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

ఎదుటి మంచం ముసలాయన దగ్గు మధ్యలో ఆగింది. గుమ్మంలో బిన్సీ పెదాలు బిగించి నిలబడిపోయింది. ముక్కు కింది అరచెయ్యి చల్లబడింది. ఏలియమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి... ఛాతీ కదలడం లేదు.

"వదలండి! ఏలీ... వదలవే!"

ఎవరూ వదల్లేదు.

అతని దిండు పక్కన మాత్రం ఎవరో తీరిగ్గా, హాయిగా, ఊపిరి పీలుస్తున్నారు.