మీ ఫైళ్లు మీకు మాత్రమే

తాతని లిఫ్టులో చంపారు.

తాత అన్నది అసలు పేరేం కాదు. డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా పాత ఏజెంట్ కాబట్టి ఆ పేరు. ఆసుపత్రిలో కూతురికి పురుడొస్తే మనవణ్ణి చూడ్డానికి బయల్దేరాడు. పై అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి చేతిలో పసివాడి ఉన్నిటోపీ ఉంది, మనిషిలో ప్రాణం లేదు.

"ఆ ఆసుపత్రి ఏదో ఎవరికీ చెప్పలేదు," అన్నాడు చీఫ్. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. "అడ్మిషన్ కాగితం మాత్రం ఒక్కచోట దాచుకున్నాడు."

"ఎక్కడండీ?" అడిగింది ఏజెంట్ చీమ.

"ఆఫీసు క్లౌడ్‌లో. తన సొంత ఫోల్డర్‌లో."

చీమ కూడా తన ఫైళ్లన్నీ అక్కడే దాచుకుంటుంది.

పైకి అది నీళ్ళ పంపులు అమ్మే కంపెనీ. లోపల గూఢచారి సంస్థ. కంప్యూటర్ తెరవగానే ముందుగా ఇంట్రానెట్ పేజీ వస్తుంది. ఈమధ్యే దానికి కొత్త హంగులు చేశారు. పైన వార్తలు, పక్కన క్యాంటీన్ మెనూ, మధ్యలో 'మీ ఫైళ్లు' అని ఒక బాక్స్. ఎవరు లాగిన్ అయితే క్లౌడ్‌లో ఉన్న వాళ్ళ సొంత ఫైళ్లు అందులో కనిపిస్తాయి.

"ఎవరివి వాళ్ళకే కదండీ?"

"అలాగే అనుకున్నాం. లోపలివాళ్ళెవరో గోడకి కన్నం పెట్టారు. నీ ఫైళ్లు నువ్వు చూస్తుంటే సరిహద్దు అవతలి ముఠా కూడా అవే చూస్తోంది."

"పేజీ మూసేయండి మరి!"

"మూస్తే కన్నం వేసినవాళ్ళు దొరకరు. ఎర వెయ్యాలి. మన రహస్య సందేశాలు విప్పే సైఫర్ కీ నీ దగ్గరుందని వాళ్ళకి తెలుసు. 'పాప కొత్త అడ్రస్' అని నీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టు. దొంగ అడ్రస్."

"నా పాప పేరే కావాలా?"

"పాపని పట్టుకుంటే కీ ఇస్తావని వాళ్ళ ఆశ. ఇంకోదానికి వాళ్ళు రారమ్మా."

పాప అక్క దగ్గరుంది. ఏ వీధిలోనో చీమకీ అక్కకీ తప్ప మూడో మనిషికి తెలియదు. పెద్దాయన్ని కూడా అడగనివ్వలేదు. ఆ ధైర్యంతోనే సరేనంది.

ఎర పనిచేసింది. మర్నాడు పొద్దున దొంగ అడ్రస్‌కి ఇద్దరు వచ్చి దొరికిపోయారు. ఒకడు విషం బిళ్ళ కొరికేశాడు. రెండోవాడు నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాడు.

మధ్యాహ్నం చీమ సీటు దగ్గరికి ముందు వాసన వచ్చింది, వెనక మనిషి వచ్చింది. ఇంట్రానెట్ పేజీ చేసిన డిజైనర్. అత్తరు అంటారు. ఆమె నడిచిపోతుంటే కాపలావాళ్ళు కూడా కాపలా మర్చిపోతారు.

"ఏంటే, మొహం అలా పీక్కుపోయింది? పాప మీద బెంగా?"

"ఉండదా మరి?"

"ముందు పన్ను ఊడినా ముద్దుగానే ఉందిలే."

చీమ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. పాపకి పన్ను ఊడిందని తనకే తెలియదు. గబగబా పేజీ తెరిచింది. 'మీ ఫైళ్లు' బాక్స్‌లో, ఎర వేసిన ఫైలు పైనే, ఒక కొత్త ఫొటో. గేటు పట్టుకుని బోసిగా నవ్వుతున్న పాప. గేటు మీద ఇంటి నెంబరు. ఎదురుగా బేకరీ బోర్డు.

అక్క రెండు గంటల క్రితం పంపింది, చీమే చూసుకోలేదు. ఫోన్‌లో చోటు చాలడం లేదని, ఫొటోలన్నీ వాటంతటవే ఆఫీసు క్లౌడ్‌లోకి పోయేలా చీమే పెట్టుకుంది. ఊరికే వస్తోంది కదా అని. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటిదొంగ తన జేబులోనే ఉంది.

"అరవకు," అంది అత్తరు, నవ్వు చెదరకుండా. "ఆ ఉంగరం తీసి బల్ల మీద పెట్టు. రాయి నొక్కితే పెద్దాయన మనుషులొస్తారని నాకు తెలుసు."

చీమ ఉంగరం తీసింది. అత్తరు తన ఫోన్ స్పీకర్ ఆన్ చేసింది. అందులోంచి ఒక మగ గొంతు. "బేకరీ ముందున్నాం. పిల్ల గేటు దగ్గరే ఆడుకుంటోంది. దిగమంటావా?"

"ఆగు." చీమ వైపు తిరిగింది. "సైఫర్ కీ నీ ఫోల్డర్‌లో వెయ్యి. వాళ్ళు ఆ బాక్సే చూస్తున్నారు. కనపడగానే వెళ్ళిపోతారు."

"తాతతో కూడా ఇలాగే నవ్వుతూ మాట్లాడావా?"

"ఎక్కువ మాట్లాడకు. దిగండ్రా!"

స్పీకర్లో కారు తలుపు చప్పుడు. వెనకాలే సన్నగా పాప గొంతు, ఏదో పాట పాడుకుంటోంది. చీమ కీబోర్డు దగ్గరికి జరిగింది. ఖాళీ ఫైలు ఒకటి తెరిచింది. పేరు పెట్టాల్సిన చోట టకటకా కొట్టి సేవ్ చేసింది.

'డిజైనర్ మన మనిషే. పొద్దున ఇద్దర్ని పట్టించింది. గేటు దగ్గర పిల్ల ఎర. దిగగానే కాల్చండి.'

స్పీకర్లో అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"వెనక్కి! ఎక్కండ్రా బండి! పొద్దున్న కూడా ఇదే పంపింది మనవాళ్ళని..." తలుపులు ధడేల్మన్నాయి. చక్రాలు కీచుమన్నాయి. తర్వాత అదే గొంతు, మెల్లగా. "నీ సంగతి చూస్తాం."

ఫోన్ మూగబోయింది.

చీమ ఉంగరం రాయి నొక్కి అక్కకి ఫోన్ చేసింది. "పాలు పొంగాయి." అది వాళ్ళిద్దరి కోడ్. పిల్లని తీసుకుని ఇల్లు వదిలేయమని.

అత్తరు చీమ చెయ్యి పట్టుకుంది. తాతకి పట్టిన గతేంటో ఆమెకే బాగా తెలుసు. "నన్ను బతకనివ్వరే! అది అబద్ధమని వాళ్ళకి చెప్పవే!"

"నా సొంత ఫైలు," అంది చీమ. "నువ్వెందుకు చదివావు?"

పెద్దాయన మనుషులు వచ్చి తీసుకెళ్తుంటే, లిఫ్టులో వద్దు, మెట్ల మీంచి తీసుకెళ్ళమని అత్తరే బతిమాలుకుంది.

సాయంత్రానికి కన్నం పూడ్చారు. తాత ఉన్నిటోపీని ఒకళ్ళు ఆయన కూతురికి అందించి వచ్చారు. చీమ ఫోన్‌లోంచి క్లౌడ్‌కి పోయే దారి మూసేసింది. వెంటనే ఫోన్ చోటు లేదని మొత్తుకుంది. పాప ఫొటో ఒక్కటి కూడా తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. చివరికి నీళ్ళ పంపుల కేటలాగ్ తీసేసింది.