రబ్బరు తగలని గడి

అన్నం బెల్లు కొట్టి పది నిమిషాలైనా మునిలక్ష్మి టిఫిన్ డబ్బా మూత తీయలేదు. పెన్సిలు కొన కొరుకుతూ, కాలు ఆడిస్తూ కాగితం మీద గడులు గీస్తోంది.

ఏడో తరగతి పిల్లలు శనివారం పులికాట్ సరస్సుకు పోతున్నారు. చలికాలంలో అక్కడికి వచ్చే పొడుగు కాళ్ల పక్షులను చూడటానికి. సత్యవేడు నుంచి వ్యాన్‌లో ప్రయాణం. డ్రైవరు పక్కన నిర్మలమ్మ టీచరు కూర్చుంటుంది. వెనక నాలుగు బెంచీలు, బెంచీకి నలుగురు. పేర్లిచ్చిన పిల్లలు సరిగ్గా పదహారు మంది.

ఎవరెక్కడ కూర్చోవాలో రాసే పని క్లాసు లీడరైన మునిలక్ష్మికి వచ్చింది.

"రేపు పొద్దున బెల్లు కొట్టేసరికి లిస్టు నా చేతిలో ఉండాల," అని చెప్పింది టీచరు. "వ్యాన్ కాడ తోపులాడుకున్నారంటే ఒక్కర్ని కూడా తీసకపోను."

నిన్న వ్యాన్ బడి ముందు ఆగినప్పుడు పిల్లలంతా ఎక్కి దిగి చూశారు. మొదటి బెంచీలో తలుపు పక్క చోటు మునిలక్ష్మికి బాగా నచ్చింది. అక్కడ కిటికీ పెద్దది. ముందు ఖాళీ ఉంది, కాళ్లు చాపుకోవచ్చు. అందుకే ఆ గడిలో మొట్టమొదట తన పేరు రాసుకుంది. పక్క గడిలో స్నేహితురాలు వరద పేరు.

అంతలో పిల్లలు చుట్టూ మూగారు.

"నాకు కిటికీ కావాల. బస్సు కదిలితే సాలు, నాకు కక్కొస్తాది," అన్నాడు జయరామ్.

"నాక్కూడా," అన్నాడు మునిరత్నం.

"సుందరరాజు పక్కన నన్ను ఏసినావంటే నేను దిగిపోతా," అన్నాడు తులసీరాం. వాళ్లిద్దరికీ గోలీల దగ్గర గొడవై వారమైంది.

"నీ పక్కన కూసోవాలని ఈడ ఎవురూ ఏడవలేదులే," అన్నాడు సుందరరాజు.

ఎవరు ముందు అడిగితే వాళ్ల పేరు ముందు రాస్తూ పోయింది మునిలక్ష్మి. పదిహేను గడులు నిండాయి. చివరి బెంచీ మధ్యలో ఒక్క గడి మిగిలింది. ఒక్క పేరు కూడా మిగిలింది. చౌడేశ్వరి.

చౌడేశ్వరి ఏమీ అడగలేదు. వరండా గోడకు ఆనుకుని ఒక్కతే అన్నం తింటోంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడింది. ఇనుప కడ్డీల బూటు తొడుక్కుని నడుస్తుంది. బూటు ఉంటే మోకాలు వంగదు. కాలు చాపుకునే చోటు ఉంటేనే కూర్చోగలదు.

చివరి బెంచీ మధ్యలో ఎలా కూర్చుంటుంది?

మునిలక్ష్మి రబ్బరు తీసింది. రెండో బెంచీలో కిటికీ పక్కన వేద్దామా? అక్కడ మునిరత్నం ఉన్నాడు. అతన్ని మూడో బెంచీ కిటికీకి మార్చాలి. అప్పుడు అక్కడున్న సుందరరాజు నాలుగో బెంచీకి పోవాలి. నాలుగో బెంచీలో తులసీరాం ఉన్నాడు.

తుడిచింది. తులసీరాంను మూడో బెంచీకి తెచ్చింది. జయరామ్ కిటికీ పోయింది. మళ్లీ తుడిచింది. ఎలాగోలా అందరూ కుదిరాక గుర్తొచ్చింది. రెండో బెంచీలో మాత్రం కాలు చాపుకునే చోటేది? ముందు బెంచీ అడ్డం.

"ఎందుకే ఇంత అవస్థ?" అంది వరద. "చౌడి వచ్చేది నాకు అనుమానమే. పోయినేడు చంద్రగిరికి కూడా రాలేదు గదా. పోయి అడుగు."

సాయంత్రం బడి వదలగానే మునిలక్ష్మి చౌడేశ్వరి వాళ్లింటికి వెళ్లింది. చౌడేశ్వరి గడప మీద కూర్చుని బూటు తోలుకు కొబ్బరినూనె రాస్తోంది. దండెం మీద ఉతికిన యూనిఫాం ఆరుతోంది.

"చౌడీ, శనివారం శానా దూరం పోవాల," అంది మునిలక్ష్మి, నిలబడే. "నీకు కాలు నొప్పి పెడ్తాదేమో కదా. కష్టమేమో కదా నీకు."

చౌడేశ్వరి ఆమె ముఖం వైపు చూసింది. నూనె రాసే చెయ్యి ఆగింది.

"అవునులే," అంది. "నేను రాలేదని రాసుకో."

లోపల్నుంచి వాళ్లవ్వ గొంతు వినిపించింది. "ఎవురమ్మా అది, మునిలక్ష్మా? దీనికి సెప్పి పో. ఆ పక్షుల గోల నేను పడలేక సస్తా ఉండా. నిన్నట్నుంచి వేళ్లు లెక్కబెట్టేది, శనివారం ఎప్పుడొస్తాదా అని."

చౌడేశ్వరి తల దించుకుని నూనె సీసాకు మూత పెట్టింది.

మునిలక్ష్మి గబగబా వచ్చేసింది. లిస్టు కుదిరింది. ఒక గడి ఖాళీగా కూడా ఉంది. అయినా ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోయింది. నీళ్లు తాగింది. వీధిలోకి పోయింది. వెంటనే లోపలికి వచ్చింది. పుస్తకం తెరిచి మూసింది.

వాళ్లమ్మ చంద్రకాంతమ్మ చేట ముందు పెట్టుకుని వేరుశనక్కాయలు వలుస్తోంది. "ఏంది మ్మే, లోపలికీ బయటికీ తిరగతానే ఉండావు? యాడన్నా ఒక సోట కూసో," అంది. కూతురి పుస్తకంలోంచి జారిన కాగితం తీసి చూసింది. చంద్రకాంతమ్మకు చదవడం రాదు.

"ఇదేంది, ఇట్ల చిరిగిపోయింది?"

"వ్యాన్‌లో ఎవురు యాడ కూసోవాలనో రాసినాను. తుడిచి తుడిచి అట్లయింది."

చంద్రకాంతమ్మ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "ఈడ చిల్లి పడింది. ఈడంతా నల్లగా అయిపోయింది. ఇదిగో, పైన ఈ గడికి మాత్రం రబ్బరే తగల్లేదు. ఇది ఎవురిదే?"

మునిలక్ష్మి వంగి చేటలోంచి ఒక కాయ తీసి వలిచింది.

"నిన్నే. ఎవురిది?"

"నాది."

"ఓహో," అని చంద్రకాంతమ్మ కాగితం తిరిగి ఇచ్చేసింది. మళ్లీ కాయలు వలవసాగింది.

మునిలక్ష్మి కొంతసేపు ఆ గడి వైపే చూసింది. పదిహేను మందిని అటూ ఇటూ తిప్పింది. ఈ ఒక్క పేరును మాత్రం కదిలించలేదు. కదిలించవచ్చని అనుకోను కూడా లేదు.

నోటుబుక్కులోంచి కొత్త కాగితం చింపింది. మళ్లీ గడులు గీసింది. ఒక్కచోట తప్ప ఇంకెక్కడా కూర్చోలేనిది ఎవరు? తలుపు పక్క గడిలో చౌడేశ్వరి అని రాసింది. తర్వాత కిటికీ లేకపోతే కుదరని ఇద్దరు. తర్వాత పోట్లాడుకున్న ఇద్దరు, ఒకరు రెండో బెంచీ, ఒకరు నాలుగో బెంచీ. ఆ తర్వాత ఎక్కడైనా కూర్చోగలిగిన వాళ్లు. రబ్బరుతో పనే పడలేదు. చివరి బెంచీ మధ్యలో మిగిలిన గడిలో తన పేరు రాసుకుంది.

అప్పటికి వీధిలో దీపాలు వెలిగించే వేళయింది. "ఇప్పుడే వస్తా," అని పరుగెత్తింది.

చౌడేశ్వరి వాళ్లింట్లో దండెం మీద యూనిఫాం లేదు. పెట్టెలో పెట్టేసినట్టున్నారు.

"నీ పేరు రాసినాను," అంది మునిలక్ష్మి రొప్పుతూ. "తలుపు పక్కన. కాలు సాపుకోవచ్చు."

"నువ్వే గదా కష్టమని అన్నింది."

"ఆ సోటు నాకు కావాలని అట్లన్నాను."

చౌడేశ్వరి తన బూటును ఒళ్లోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి నువ్వు యాడ?"

"ఎనకాల. మధ్యలో."

"ఆ నూనె సీసా ఇట్లియ్యి," అంది చౌడేశ్వరి. "ఒక పక్కే రాసినాను."

శనివారం పొద్దున్నే వ్యాన్ బయలుదేరింది. వరద వెనక్కి తిరిగి తిరిగి మునిలక్ష్మి వైపు కోపంగా చూసింది. తడ ఊరు దాటేలోపు జయరామ్ రెండుసార్లు కిటికీలోంచి కక్కుకున్నాడు. మునిలక్ష్మికి ఇటు ఒక భుజం, అటు ఒక భుజం తగులుతున్నాయి. ముందు తలకాయలు తప్ప ఏమీ కనబడటం లేదు. మెడ ఇటు సాచింది, అటు సాచింది.

ఉన్నట్టుండి వ్యాన్ నెమ్మదించింది. కిటికీల పక్కనున్న వాళ్లంతా గోల మొదలుపెట్టారు.

"మునీ," అని ముందునుంచి పిలిచింది చౌడేశ్వరి. "పక్షులు. నీళ్లలో బారుగా నిలబడి ఉండాయి. నీకు కనబడ్తా ఉండాయా?"

"లేదు," అంది మునిలక్ష్మి. "నువ్వు సూసి సెప్పు."