ఒక్క గీత

నాలుగు రోజుల క్రితం డెయిరీ కోల్డ్ రూమ్‌లో, పాల నమూనాలు తీసే శాంప్లర్ శవం దొరికింది. తలుపుకి బయటినుంచి గడియ వేసి ఉంది. అతను మన గూఢచారి అని చీఫ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

"దాణాలో బూజు పట్టిన మొక్కజొన్న కలుపుతోంది విదేశీ ముఠా," అన్నాడు చీఫ్, కొత్త ఏజెంట్‌తో. "ఆ విషం పాలలోకి దిగుతుంది. కాచినా పోదు, రుచీ మారదు. రేపు ఎనిమిదింటికి ట్యాంకర్ పసిపిల్లల పాలపొడి ఫ్యాక్టరీకి వెళ్తుంది."

"ఆపేద్దాం."

"ఆధారమేదీ? శాంప్లర్ దాచిన టెస్ట్ స్ట్రిప్‌లన్నీ మాయం. గుర్తుంచుకో, రెండు గీతలొస్తే పాలు మంచివి. ఒక్కటే వస్తే విషం."

"తిరకాసుగా ఉందే!"

"పాలవాళ్ళకి అలవాటే. ఇంకోటి. ముత్యాల కమ్మలావిడ, అక్కడి కెమిస్ట్. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది."

మర్నాడు పొద్దున ఏజెంట్ కొత్త శాంప్లర్‌గా, చనిపోయినవాడి గమ్‌బూట్లే తొడుక్కుని, ట్యాంకర్లు ఆగే డాక్ మీదికెళ్ళాడు. అర సైజు పెద్దవి. ఆ చప్పుడు వినగానే ఒక పిల్లి పరుగెత్తుకొచ్చి, తలెత్తి అతని ముఖం చూసి ఆగిపోయింది. వెళ్ళిపోతుందనుకున్నాడు. వెళ్ళలేదు. బూటు మీద మెల్లగా తల ఆనించింది.

పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటర్‌లో దాచిన రేడియో గుసగుసలాడింది. "ఇరవై నిమిషాలే."

పదిహేను రోజుల క్రితం చేరిన క్వాలిటీ ఆఫీసర్ శాంపిల్ సీసా లాక్కున్నాడు. "కొత్తోడివి, నీకెందుకు? టెస్ట్ నేను చేస్తాగా."

అద్దం గోడ అవతల ఆఫీసర్ సీసా మూత కూడా తియ్యలేదు. సొరుగులోంచి పాత స్ట్రిప్‌ల కట్ట తీసి, ఒకటి ఏరి, గేట్ పాస్‌కి పిన్ చేశాడు. కెమిస్ట్ కమ్మ సర్దుకుంటూ చూస్తూ నిలబడింది.

బయటికొస్తూ ఆమె ఏజెంట్ పక్కన ఆగింది. "పాలు పొంగాయా?"

అది కోడ్. "మంట తగ్గించాను," అన్నాడతను.

"అయితే గేట్ పాస్ చూడు. పరుగెత్తు."

గేటు కర్ర అప్పటికే లేస్తోంది.

"అన్నా, ఆపు! ఆ స్ట్రిప్ చూడు!"

ముసలి వాచ్‌మన్ కళ్ళజోడు పెట్టుకుని, డ్రైవర్ ఇచ్చిన గేట్ పాస్ చూశాడు. "ఒక్క గీతే! ఈ బండి కదలదు."

ఆఫీసర్ ఆయాసపడుతూ వచ్చాడు. "ఒక్కటేగా! క్లీన్!"

"ఇంట్లో ఆడవాళ్ళు చేసుకునే టెస్టనుకున్నారా సార్?" కర్ర దించేశాడు వాచ్‌మన్.

ఏజెంట్ పిన్ను తీసి స్ట్రిప్ తిప్పాడు. వెనక పెన్సిల్‌తో సన్నగా ఒక తేదీ. శవం దొరకడానికి ముందు రోజుది. చనిపోయిన మనిషి చేతిరాత. ట్యాంకర్‌ని ఆపింది అతనే.

ఆఫీసర్‌కి బేడీలు పడ్డాక కెమిస్ట్ చాలాసేపు ఆ బూట్ల వంక చూసింది.

"గీతలు చదవడం నాకు ఆయనే నేర్పాడు."

"మరి వీడికి నువ్వు నేర్పలేదేం?"

"అడగలేదుగా, పాపం."