పెద్దమ్మ మూల

గది ఖాళీ చేయించిన రోజు సాయంత్రం వాన మొదలైంది. చంకలో జ్వరంతో కాలిపోతున్న నా కూతురు, చేతిలో బట్టల మూట. మూతపడిన సినిమా హాలు వరండా కనిపిస్తే అక్కడికి పరుగెత్తాను.

గొడుగులు బాగుచేసే ఒకాయన అక్కడే ఉంటున్నాడు. నన్నేమీ అడగలేదు. తన పొడి గోనెపట్టా నావైపు తోసి, తాగబోతున్న టీలో సగం పాపకి పోశాడు.

"ఈ గోడవారన పడుకో చెల్లీ. జల్లు కొట్టదు. ఆ మూల మాత్రం వదిలెయ్."

"ఎవరిదన్నా?"

"అక్కది. చిత్తుకాగితాలు ఏరుకునేది. ఏ దిక్కూ లేనప్పుడు నాకిక్కడ చోటిచ్చింది ఆవిడే. పోయిన చలికాలం ఆ మూలలోనే కన్నుమూసింది." గొంతు తగ్గించాడు. "అప్పుడప్పుడు వస్తుంది. భయపడకు. మనల్ని తరిమేది బతికున్నవాళ్ళే గానీ, ఆవిడ కాదు."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చీకటి పడగానే కరెంటు పోయింది. వీధి వీధంతా నల్లబడింది. రేకుల మీద వాన చప్పుడు, తడిసిన సున్నం వాసన, పాప వేడి ఊపిరి. కాసేపటికి గొడుగులాయన గురక. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి.

"కొంచెం జరుగు..."

చెవి దగ్గరే. ఆడగొంతో మగగొంతో తెలియలేదు. అక్కేనేమో అనుకున్నాను. పక్కకి జరిగాను. నా పక్కన ఏదో బరువుగా వాలింది. మురుగు కాలవ వాసన.

"ఇంకొంచెం..."

మళ్ళీ జరిగాను. వీపుకి జల్లు తగిలింది. అప్పుడు తెలిసింది... వరండా అంచుకొచ్చేశాను. పాప గోడవైపే ఉండిపోయింది. మధ్యలో అది.

చెయ్యి చాపాను. పాప తగల్లేదు. చల్లగా, మెత్తగా ఇంకేదో తగిలింది.

"అన్నా..." అని పిలిచాను. "అక్క... నన్ను జరగమంటోంది..."

గురక ఆగిపోయింది.

"అక్క ఎవర్నీ జరగమనదు చెల్లీ," అన్నాడు గొడుగులాయన. "అది అక్క కాదు."

అప్పుడే ఆ మూలలోంచి పొడిదగ్గు. వెనకే ఒక ఆడగొంతు.

"పాపని నా దగ్గరికి రమ్మను... నువ్వు చెబితేనే వస్తుంది. త్వరగా..."

చచ్చిపోయిన మనిషి. బిడ్డనెలా పంపను? కానీ దిక్కులేనివాడికి చోటిచ్చిన మనిషి కూడా ఆవిడే.

"వెళ్ళమ్మా!" అని అరిచాను. "పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపో!"

చిన్న పాదాల చప్పుడు. నా పక్కనున్నది ఒక్కసారిగా లేచింది... గోడ మీద గోళ్ళు గీసుకుపోయిన చప్పుడు... ఆ తర్వాత వాన ఒక్కటే.

కరెంటు వచ్చేసరికి పాప ఆ మూలలో ముడుచుకుని నిద్రపోతోంది. నుదురు చల్లగా ఉంది. జ్వరం దిగిపోయింది. గొడుగులాయన మూలవైపు చేతులు జోడించాడు.

తెల్లారాక, నిండు ఎండలో, పాపని నడిపించుకుంటూ బయల్దేరాను. దాని కుడిచెయ్యి నా చేతిలో ఉంది. ఎడమచెయ్యి గాల్లోకి లేచి, అలాగే ఉండిపోయింది.

"చెయ్యి దించమ్మా."

"పెద్దమ్మ వదలట్లేదమ్మా," అంది పాప. తర్వాత గుసగుసగా, "వెనక్కి చూడొద్దంటోంది."