మా ఇంటి పాప

జపానులోని టొయామాలో నవంబరు వానలకు ఉరుములు తోడుంటాయి. మిసుజు ముల్లంగి ఉడికించింది. బడి మానేసి గదికే అంటుకుపోయిన కూతురు కోతొనె, ఆ సాయంత్రం ఎందుకో తనంతట తనే వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"నువ్వు ఫోన్లో చూసే బోర్డులో నేనూ చేరాను. అందరూ మంచి తల్లులు," అంది మిసుజు.

"తల్లులా?"

"'మా ఇంటి పాప' అనేగా రాస్తారు. నేనూ రాశాను. మా ఇంటి పాప గది దాటదు, కొన్నాళ్ళు ఎవరైనా ఉంచుకుంటే బాగుండునని."

కోతొనె తినే పుల్లలు కింద పెట్టి పడీ పడీ నవ్వింది. "నీకో దణ్ణం అమ్మా. అది బొమ్మల పిచ్చివాళ్ళ బోర్డు. ఇంటి పాప అంటే బొమ్మ. ఉంచుకోమంటే ఇచ్చేస్తున్నానని. నన్ను తేరగా ఇచ్చేశావన్నమాట."

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. మిసుజు కూడా నవ్వేసింది.

"మరి 'ఒము' అంటే? ఒకావిడ శనివారం ఒముకి వస్తానంది. టీకేమో అనుకుని అడ్రసు ఇచ్చాను."

"ఒముకాఎ. కొత్త బొమ్మను ఇంటికి తోడు తెచ్చుకోవడం."

ఆ మాట మిసుజుకి వేరేగా తెలుసు. పోయే ముందు వాళ్ళమ్మ గుమ్మం వైపు చూసి అన్నది... ఒముకాఎ వచ్చిందే, అని. ప్రాణం తీసుకుపోయేవాళ్ళు రావడాన్ని కూడా అలాగే అంటారు.

"ఇంకేం రాసింది?"

"కళ్ళు నేనే మార్చుకుంటాను అంది. కంటి డాక్టరు కాబోలు అనుకున్నా."

"బొమ్మలకు మారుస్తార్లే. ఫొటో ఏం పెట్టావు?"

"నీదే. నిద్రపోతుంటే తీశాను."

కోతొనె మొహంలో నవ్వు పోయింది. "అమ్మా... ఇవాళ శనివారం."

తలుపు గంట మోగింది.

"గదిలోకి పో. గడియ పెట్టుకో," అంది మిసుజు.

నడవాలో తడి రంగు వాసన, బొమ్మలకు పూసేలాంటిది. గోడ మీది కెమెరా తెరలో గుమ్మం ఖాళీగా ఉంది. వాన మాత్రమే. కానీ తలుపుకి అవతల, చాలా దగ్గరగా, మెత్తని గొంతు.

"ఒముకాఎకు వచ్చాను."

"పొరపాటైందండీ," అంది మిసుజు. "అది బొమ్మ కాదు. నా కూతురు."

"తెలుసమ్మా. అందరూ అలాగే అంటారు."

తర్వాత అలికిడి లేదు. అడుగులు వెళ్ళిన చప్పుడూ లేదు. మిసుజు చాలాసేపు తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఫోన్లో బోర్డు తెరిచింది. ఆవిడ పేరు కింద కొత్త ముక్క.

*ఒము అయింది. బంగారం లాంటి పాప. ధన్యవాదాలు.*

మిసుజు పరుగెత్తింది. గది గడియ పెట్టి లేదు. కోతొనె కిటికీ వైపు తిరిగి కుర్చీలో కూర్చుని ఉంది. మిసుజు కూతురి భుజం మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. ఊపిరి ఆడుతోంది. ప్రాణం లేచి వచ్చింది మిసుజుకి.

"వెళ్ళిపోయింది తల్లీ. ఇటు చూడు."

కోతొనె కదల్లేదు.

"నువ్వే ఇటు రా అమ్మా," అంది మెల్లగా. "తల... ఎవరైనా తిప్పితే గానీ తిరగట్లేదు."