మూడో సబ్‌స్క్రైబర్

ఏప్రిల్ నెలలో పెనుకొండ పక్క పల్లెల్లో మిట్టమధ్యాహ్నం వీధిలో మనిషి కనిపించడు. పన్నెండయ్యేసరికి జనం తలుపులు దగ్గరికేసి బండల మీద పడుకుంటారు. గొర్రెలు కూడా ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి కదలకుండా నిలబడతాయి. ఊరంతా నిద్రపోయే ఆ వేళలో తనూజ ఒక్కతే మేలుకుని ఉండేది. డాక్టరమ్మ పడుకోమంది కాబట్టి పడుకునేది. నిద్ర మాత్రం డాక్టరమ్మ మాట వినలేదు.

ఆమె హిందూపురంలో ఒక కాలేజీలో తెలుగు చెబుతుంది. ఇప్పుడు ఐదో నెల. ఇంతకు ముందు రెండుసార్లు నిలవలేదు, రెండూ ఐదో నెలలోనే పోయాయి. అందుకే ఈసారి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. స్కానింగులో ఒకే బిడ్డ, గుండె బాగానే కొట్టుకుంటోంది అన్నారు. కానీ ఇరవై వారాలు దాటినా లోపల కదలిక తెలియలేదు. కొందరికి ఆలస్యమవుతుందిలే అన్నారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. తనూజ మాత్రం రోజుకు నూరుసార్లు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూసుకునేది. ఈ బిడ్డ నిలవాలి. అంతకు మించి ఆమెకు ఈ లోకంలో ఏమీ అక్కర్లేదు.

భర్త పవన్ ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పగటి షిఫ్టు. పొద్దున పోతే సాయంత్రమే. ఒంటరిగా కూర్చుని ఆమె చిక్కిపోతుంటే, కాలేజీలో తోటి టీచరు ప్రమోద ఫోన్లో కేకలేసింది.

"ఊరికే పొట్ట చూసుకుంటా కూచుంటే పిచ్చి పడతాది. నా మాదిరి ఒక న్యూస్‌లెటర్ మొదలుపెట్టు. ఖాతా తెరువు, పేరు పెట్టు, రాయి, పంపు. అంతే! చేరినోళ్ళ మెయిలుకు అదే పోతాది. బ్లాగు మాదిరి ఆడనే ఉంటాది కూడా."

"నాకెవరు చేరతారు?"

"నేను చేరతా. మీ ఆయన్ని చేర్చు. మూడోవాడు వాడంతట వాడే వస్తాడు. ఎందరు చేరినారు, ఎన్నిసార్లు తెరిచినారు అనే అంకెలు మాత్రం పూటపూటా చూసుకోవద్దు, నిద్ర పట్టదు."

దేని గురించి రాయాలో తనూజకు ముందే తెలుసు. చావింట్లో ఆడవాళ్ళు రాగం తీసి పాడే ఏడుపు పాటల మీద. కడుపుతో ఉన్న మనిషి ముట్టుకోవాల్సిన సంగతేనా అది! అత్తగారు ఇంట్లో ఉంటే చీపురు తిరగేసేది. ఆమె ధర్మవరంలో కూతురింటికి పోయి ఉంది. తనూజ వెంకటక్కను పిలిపించింది.

వెంకటక్కకు డెబ్బై దాటాయి. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. చుట్టుపక్కల ఏ ఊళ్ళో చావైనా ఆమె వస్తేనే ఏడుపు నిండుగా ఉంటుందని మనుషులను పంపి పిలిపించుకునేవాళ్ళు. సంగతి విని ఆమె నొసలు చిట్లించింది.

"శవం లేకుండా ఏడవకూడదమ్మా."

"ఎందుకు వెంకటక్కా?"

"ఏడుపు గాలికి పోదు. ఎవురికో ఒకరికి తగులుకుంటాది."

తనూజ నవ్వింది. చదువుకున్న మనిషి కదా, దానికీ ఒక ఉపాయం ఆలోచించింది. "అట్లయితే ఎవురికీ లేని పేరు పెట్టి ఏడువు. మనిషే లేకపోతే ఎవరికి తగులుకుంటాది? చెన్నకేశవులు అని పెట్టు. మన ఊర్లో ఆ పేరున్నోళ్ళు ఉండారా?"

"లేరు. ఎప్పుడూ లేరు."

"మరింకేం!"

పాట కోసమే పాట అడిగినవాళ్ళు వెంకటక్కకు బతుకులో ఎవరూ తారసపడలేదు. ఇన్నాళ్ళకు ఒకరు అడిగారన్న ఆశే ఆమెను లొంగదీసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని రాగం తీసింది.

"పొద్దు నెత్తికి రాకముందే పోతివా చెన్నకేశవా...
సద్ది మూట విప్పకముందే పోతివా నా కొడకా..."

ఫోన్లో రికార్డు అవుతోంది. వెంకటక్క ముందు వాణ్ణి పేరు పెట్టి పిలిచింది, ఆ తర్వాత ఎందుకు పోయినావని తిట్టింది. తిట్టీ తిట్టీ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అయిపోయిందా?"

"ఇంకొకటుండాది. దావ చూపించి సాగనంపే పాట. పాడె లేదు, గుంత లేదు, యాడికని పంపేది? ఇంక చాలమ్మా." వెంకటక్క ఇంటికి కూడా పోకుండా తొట్టి దగ్గరే నెత్తిన నీళ్ళు పోసుకుని, తడి చీరతోనే వెళ్ళిపోయింది.

అది ఆదివారం. సోమవారం తనూజ ఖాతా తెరిచింది. పేరు అడిగితే 'కన్నీటి పాటలు' అని పెట్టింది. ఒక్క వాక్యంలో పరిచయం రాయమంటే గంట పట్టింది. బుధవారం మధ్యాహ్నం పాట జతచేసి మొదటి ఉత్తరం పంపింది. ప్రమోద మాట పెడచెవిన పెట్టి ఐదు నిమిషాలకే అంకెలు తెరిచింది.

ముగ్గురు చేరారు. ప్రమోద ఒకసారి తెరిచింది. పవన్ అసలు తెరవనే లేదు, మహానుభావుడు. మూడో వరసలో... చెన్నకేశవులు.

నలభై ఒక్కసార్లు తెరిచినట్టు ఉంది.

ఎవరో పాట విని ఆ పేరుతో తమాషాకు చేరారనుకుంది. చేరిన తేదీ చూసింది. ఆదివారం, మధ్యాహ్నం పన్నెండుంబావు. అప్పటికి ఉత్తరం లేదు. ఖాతా కూడా లేదు. అది వెంకటక్క రాగం తీసిన వేళ.

చూస్తుండగానే నలభై ఒకటి కాస్తా నలభై రెండయింది. ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయిందేమో... అనుకునేంతలో మెయిలు వచ్చింది.

"అమ్మా, నన్ను ఏడ్చినారు. నన్ను యాడ పూడ్చినారు?"

తనూజ పవన్‌కు ఫోన్ చేసింది. "నువ్వేనా ఈ ఆటలాడేది?"

"ఏ ఆటలు? నేను ఫ్యాక్టరీలో పని మీద ఉండా తనూ. ఏమయింది? నొప్పేమన్నా...?"

"లేదు" అంది. ప్రమోదకు ఫోన్ చేస్తే, ఆమె కూడా తాను కాదంది. ఆ పేరును తీసేయమని, అట్లాంటివి అందరికీ వస్తుంటాయని చెప్పింది. తనూజ తీసేసింది. పాట చెరిపేసింది. కానీ పంపిన ఉత్తరం ఎవరి మెయిల్లోకి పోయిందో వాళ్ళ దగ్గరే ఉంటుందట, వెనక్కి తీసుకునే దారి లేదట.

గురువారం అదే వేళకు అదే పేరు మళ్ళీ చేరింది.

"ఎవరండీ మీరు? మీది ఏ ఊరు?" అని రాసింది తనూజ.

జవాబు వెంటనే వచ్చింది. "మీరు పేరు పెట్టినారు, ఊరు పెట్టలేదు. చచ్చినానని చెప్పినారు. పుట్టింది యాడనో చెప్పలేదు. ఎండలో ఉండాను. చోటు చూపీండమ్మా."

ఇల్లంతా కాలిన మట్టి వాసన. కిటికీలు మూసే ఉన్నాయి. పొయ్యి వెలిగించలేదు. తనూజకు పొట్ట మీద నుంచి చెయ్యి తీయడానికి ధైర్యం చాలలేదు. నిజంగా భయపడింది. తన కోసం కాదు.

శుక్రవారం పొద్దున వెంకటక్క గుడిసె ముందు నిలబడి అంతా చెప్పింది. ముసలామె ఫోను ముట్టుకోలేదు. దూరం నుంచే చూసింది.

"నా నోరు పడిపోనూ" అంది మెల్లగా. "మనిషి ఉంటే ఏడుపు మనిషికి తగులుకుంటాది. మనిషే లేడు గదా... అందుకని ఆ ఏడుపే మనిషి అయి వచ్చింది."

"ఏం చెయ్యాలి వెంకటక్కా?"

"సాగనంపాల. గుంత తవ్వాల, మన్ను వెయ్యాల, దావ చెప్పాల. నువ్వు రావద్దు."

"పేరు పెట్టింది నేను. నన్నే అడుగుతాండాడు. వస్తా."

గుట్ట కింది బీడులో, ఎండ నెత్తిన ఉన్నప్పుడు, వెంకటక్క గడ్డపారతో జానెడు గుంత తీసింది. పూడ్చడానికి వాడిదంటూ ఏమీ లేదు. తనూజ ఒక కాగితం మీద పేరు రాసి ఇచ్చింది. వెంకటక్క దాన్ని మడిచి గుంతలో పెట్టి, మూడు పిడికిళ్ళ మట్టి వేసి రాగం అందుకుంది.

"పో కొడకా పో... ఎనక్కి చూడకుండా పో...
ఇది నీ ఊరు గాదు... ఇది నీ ఇల్లు గాదు..."

గాలి లేదు. పిట్ట కూత లేదు. ఆమె గొంతు ఒక్కటే గుట్టకు తగిలి తిరిగి వస్తోంది. తనూజకు గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. అప్పుడే చేతిలో ఫోను అదిరింది.

చెన్నకేశవులు సబ్‌స్క్రిప్షన్ మానుకున్నారు.

"పోయినాడు వెంకటక్కా!" అంది, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. వెంకటక్క తలూపి ఇంకా పాడుతోంది. తనూజ వేలితో తెరను కిందికి జరిపింది. మానుకున్నవాళ్ళు కారణం రాసే చోట ఒక వాక్యం ఉంది.

"ఇంక ఉత్తరాలు అక్కర్లేదమ్మా. చోటు దొరికింది."

"పో కొడకా పో..."

లోపల కదిలింది.

ఇన్ని వారాలు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన కదలిక. మెత్తగా, పొట్ట గోడకు లోపలి నుంచి వేలితో తట్టినట్టు.

"పో..."

మళ్ళీ తట్టింది.

"పో..."

మళ్ళీ. ఈసారి కిందికి. బరువుగా. నడుములో సన్నటి నొప్పి మొదలైంది. ఆ నొప్పి ఆమెకు కొత్త కాదు. ఇంతకు ముందు రెండుసార్లు అట్లే మొదలైంది.

తనూజ గుంత దాటి పోయి వెంకటక్క నోరు అరచేత్తో మూసేసింది.

"ఆపు... పంపొద్దు."

ముసలామె ఆ చెయ్యి తీసి, ఆమె ముఖం చూసింది. పొట్ట చూసింది. అర్థమైంది. "పంపకపోతే వాడు ఈడనే ఉంటాడమ్మా" అంది గుసగుసగా. "సగం పాట మళ్ళీ ఎత్తుకునేదానికి లేదు. ఇప్పుడు ఆపితే ఇంక ఎప్పటికీ..."

"ఉండనీ."

"తనూజమ్మా..."

"ఉండనీ వెంకటక్కా. ఎవరైనా సరే. ఉండనీ."

నొప్పి మెల్లగా తగ్గింది. తనూజ మట్టిలోనే కూలబడి బిగ్గరగా ఏడ్చింది. ఆ ఏడుపులో భయం ఉంది, సిగ్గు ఉంది, అంతకు మించి సంతోషం కూడా ఉంది. లోపల బిడ్డ కదులుతూనే ఉంది, ఆగకుండా.

వెంకటక్క ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఎన్నో కాన్పులు చూసిన మనిషి. తనూజ పొట్ట మీద రెండు పక్కలా రెండు చేతులూ ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఇదిగో, ఈ పక్క తంతాండాది" అంది. ముడతల ముఖంలో చిన్న నవ్వు వచ్చింది. "కాలు. చిన్న కాలు. చల్లగా ఉండాల నా తల్లి..."

అంటూ అంటూ ఆగిపోయింది. కాలు తగిలిన కుడి చెయ్యి అట్లే ఉంచింది. అదే వేళకు రెండో పక్క కూడా ఏదో తట్టిన ఎడమ చెయ్యిని మాత్రం మెల్లగా వెనక్కి తీసుకుంది. ఆ అరచేతిని ఒకసారి చూసుకుని, తనూజకు కనిపించకుండా నేల మీద మట్టికి రుద్దుకోవడం మొదలుపెట్టింది.

అట్లా చాలాసేపు రుద్దుకుంటూనే ఉంది.