ఏడో మడుగు, ఖాళీ గడి

తలుపు దగ్గర నిలబడ్డ మనిషి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. బయట వాన లేదు.

"కూర్చో. కుర్చీ తడిస్తే ఆరుతుంది," అన్నారు మాస్టారు.

ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పి, రిటైరయ్యాక డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన ఆయన్ని ఊరంతా ఇంకా మాస్టారనే పిలుస్తుంది. ఆఫీసులో ఆయన కాక ఉన్నది మేనకోడలు ఒక్కతే. మావయ్య బుర్ర మీద ఆమెకున్నంత నమ్మకం మావయ్యకే లేదు.

వచ్చినతన్ని గోల్ఫ్ క్లబ్బులో అందరూ బాతు అంటారు. పదకొండు మడుగులున్న మైదానం అది. ఆటగాళ్ళు నీళ్ళలో పోగొట్టుకున్న బంతుల్ని ఇరవై రెండేళ్ళుగా మునిగి తీసేది ఇతనే.

"గాజుపెట్టెలో దాచిన పాత బంతి పోయిందండీ. నేనే తీశానంటున్నారు. ఆదివారంలోగా తెచ్చివ్వకపోతే పని లేదు, మడుగు పక్కన నా గది లేదు, పోలీసులకి అప్పగిస్తారట." అతను ఖాళీ జేబు బయటికి లాగి చూపించాడు. "పని పోతే పోయింది. ఇన్నేళ్ళలో ఎవరి బంతీ నా జేబులోకి పోలేదు. ఆ మాట ఇప్పుడెవరు నమ్ముతారు?"

"జుట్టెందుకు తడిసింది?" అడిగింది మేనకోడలు.

"మడుగుల్లో దిగొద్దన్నారమ్మా. బెంగొస్తే నాకు మునగాలి. అందుకని బకెట్లో తల ముంచాను."

మాస్టారు నవ్వలేదు. చెప్పులేసుకున్నారు.

క్లబ్బు హాల్లో మధ్యాహ్నపు ఎండ నేల మీద పలకలు పలకలుగా పడి ఉంది. నడవా గోడకి తాళాల బోర్డు. ఆ చివర గాజుపెట్టె. తాళం చెదరలేదు. లోపల నీలం మఖ్మలు మీద బంతి కూర్చున్న చోట చిన్న గుంట మిగిలింది.

"పసుపు తిరిగిన బంతండీ, గుర్తుగా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉంటుంది," అన్నాడు సెక్రటరీ, టై సర్దుకుంటూ. "మైదానం తెరిచిన ఏడాది, ఏడో మడుగుని దాటిన మొదటి బంతి అదే."

పెట్టె పైన ఒక ఫోటో. చెప్పుల్లేకుండా, గోల్ఫ్ కర్ర భుజాన వేసుకుని పగలబడి నవ్వుతున్న ఒకావిడ.

"కొట్టింది ఈవిడే. మా పళ్ళ డాక్టరు గారి భార్య. పోయిన ఏడాది కాలం చేశారు."

"బాతు మీద అనుమానం దేనికి?"

"బంతి లేదని గురువారం చూసుకున్నాం. అంతకుముందు రోజు పొద్దున తాళాల బోర్డు దాకా తడి అడుగులున్నాయి. ఈ క్లబ్బులో తడి కాళ్ళతో తిరిగేది ఇంకెవరు?"

"నా సామాన్ల షెడ్డు తాళంచెవి అక్కడే కదండీ ఉండేది!" అన్నాడు బాతు గుమ్మంలోంచి.

"పెట్టె దాకా అడుగులున్నాయా?"

సెక్రటరీ తడబడ్డాడు. "లేవు."

"పెట్టె తాళంచెవి?"

"అదీ ఆ బోర్డుకే ఉంటుంది. పాత సభ్యులందరికీ తెలుసు."

మాస్టారు పెట్టె తెరిపించి, గాజు మీద బయట ఒకసారి, లోపల ఒకసారి వేలు రుద్దారు. బయట రుద్దిన వేలికి దుమ్ము అంటింది. లోపల రుద్దిన వేలు శుభ్రంగా ఉంది.

"లోపల మాత్రం తుడిచారు," అంది మేనకోడలు. "దొంగకి అంత తీరికెక్కడిది మావయ్యా?"

"నేనూ అదే ఆలోచిస్తున్నా. బుధవారం ఆడినవాళ్ళ కార్డులు ఇప్పించండి."

ఆ క్లబ్బుకి ఒక పద్ధతి ఉంది. ప్రతివాళ్ళూ తమ బంతి మీద ఒక గుర్తు పెట్టుకుంటారు. బంతి నీళ్ళలో పడితే స్కోరు కార్డులో ఒక పెనాల్టీ వేసుకుని, పక్క గడిలో ఆ గుర్తు రాస్తారు. సాయంత్రం బాతు కార్డులు చూసుకుని మునిగి, ఎవరి బంతి వాళ్ళకి చేరుస్తాడు.

బుధవారం కార్డులు నాలుగు. ముగ్గురు తొమ్మిదింటికి కలిసి ఆడారు. వాళ్ళ గడులన్నీ నిండి ఉన్నాయి. నాలుగోది ఆరింటికే ఒంటరిగా ఆడిన పళ్ళ డాక్టరుది. ఏడో మడుగు దగ్గర ఒక పెనాల్టీ. పక్క గడి ఖాళీ.

"ఆయన గుర్తు రెండు నీలం చుక్కలండీ," అన్నాడు బాతు. "ఏమీ రాయలేదు కాబట్టి బంతి వద్దనుకున్నారేమోనని నేను దిగలేదు."

"ఇంతకుముందెప్పుడైనా ఇలా వదిలేశారా?"

"ఒక్కనాడూ లేదు. అరిగిపోయిన బంతికి కూడా రాస్తారు."

"ఆయన్ని కలవొచ్చా?"

"ఆ సాయంత్రమే కూతురి దగ్గరికెళ్ళారు. శనివారం వచ్చేస్తారు," అన్నాడు సెక్రటరీ.

ఆదివారం పొద్దున్నే అందరూ ఏడో మడుగు ఒడ్డున కూడారు. డాక్టరు ఒక మడత కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారు ఎవరి ముఖమూ చూడకుండా నీళ్ళ వైపే చూస్తూ మొదలుపెట్టారు.

"పెట్టె తీసినవాళ్ళకి తాళంచెవి ఎక్కడుందో తెలుసు. గాజు లోపల దుమ్ము చూసి మనసొప్పక తుడిచారు. అమ్ముకునేవాడు తుడవడు. బంతి పట్టుకుని ఆటకి వెళ్ళారు. ఇక్కడ కొట్టారు. నీళ్ళలో పడింది. అప్పుడు చుట్టుపక్కల నరపురుగు లేదు. పెనాల్టీ వేసుకోకపోతే అడిగేవాళ్ళెవరూ లేరు. అయినా వేసుకున్నారు! ఇక గుర్తు రాయాలి. నీలం చుక్కలని రాస్తే అబద్ధమవుతుంది. నిజం రాయడానికి చెయ్యి రాలేదు. గడి ఖాళీగా ఉండిపోయింది."

"పేరు మీ నోట వద్దు మాస్టారూ," అంటూ డాక్టరు లేచాడు. "నేనే."

సెక్రటరీ బాతు వైపు తిరిగి చూశాడు.

"బుధవారానికి ఆవిడ పోయి ఏడాది. ఆ బంతి జేబులో వేసుకుని, ఇద్దరం ఆడినట్టు ఒక ఆట ఆడి తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఇక్కడికొచ్చేసరికి ఆవిడ కొట్టినప్పటి చప్పుడు మళ్ళీ వినాలనిపించింది. ఆ ఏడాది మేం ముగ్గురు మగాళ్ళం ఉన్న బంతులన్నీ నీళ్ళపాలు చేశాం. తను చెప్పులు విప్పేసి, 'మీరు పళ్ళు పీక్కోండి, దీని సంగతి నేను చూస్తా' అని ఒక్కటిచ్చింది." డాక్టరు కళ్ళద్దాలు తీసి గుడ్డతో తుడుచుకున్నాడు. "చప్పుడు బాగానే వచ్చింది మాస్టారూ. చేతుల్లోనే బలం లేదు. ఎలా చెప్పాలో తెలియక ఊరెళ్ళిపోయాను. బాతుని అన్నారని ఈ పొద్దున్నే తెలిసింది. నన్ను క్షమించు నాయనా."

బాతు చొక్కా విప్పాడు. "ఎటు కొట్టారండీ?"

"ఎడమకి."

"మీరెప్పుడూ ఎడమకే కొడతారు. చెబితే వినరు."

రెండు మునకలు వట్టివయ్యాయి. మూడోసారి నీళ్ళు చాలాసేపు కదలకుండా ఉన్నాయి. మేనకోడలు మావయ్య మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. బాతు పైకి లేచాడు. బురద కడిగేసరికి పసుపు తిరిగిన బంతి మీద ఎర్ర చుక్క బయటపడింది.

"ఇలా తే, పెట్టెలో పెట్టేద్దాం," అని సెక్రటరీ చెయ్యి చాపాడు.

బాతు గుప్పిట మూశాడు. "ఆగండి సార్. కార్డు చూడకుండా నేనెవరికీ బంతి ఇవ్వను."

మాస్టారు జేబులోంచి కార్డు తీసి, పెన్నుతో సహా డాక్టరుకి అందించారు. ఆయన దాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఖాళీ గడిలో నెమ్మదిగా రాశాడు: ఒక ఎర్ర చుక్క. బాతు తడిచేత్తో కార్డు పట్టుకుని చదివాడు. తర్వాత బంతిని డాక్టరు అరచేతిలో పెట్టి, ఆయన వేళ్ళు మూశాడు.

సెక్రటరీ తలెత్తకుండానే షెడ్డు తాళంచెవి తీసి బాతు ముందుంచాడు. బాతు తీసుకున్నాడు.

బంతి డాక్టరుతోనే ఉండిపోయింది. గాజుపెట్టెలో ఇప్పుడు ఆ కార్డు ఉంది. తడి వేలు తగిలిన చోట సిరా కొంచెం చెదిరింది గానీ, గడిలో రాసింది చదవడానికి వస్తుంది.